పీపా ఒకరిది, పేరు ఇంకొకరిది

స్కాట్లండ్ ఉత్తరం దిక్కున ఎల్గిన్ అని ఒక చిన్న పట్నం ఉన్నది. 1895ల అక్కడ గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ అనే పేరు మీద ఒక కిరాణ దుకాణం తెరిచిండ్రు. చాయపత్తతోని పాటు విస్కీ గూడ అమ్మేటోళ్లు. చుట్టుపక్కల బట్టీలకు తమ ఖాళీ పీపాలు తోలిచ్చి, తాజాగ దిగిన సారా నింపిచ్చుకొని, ఏండ్ల తరబడి గోదాంల పండవెట్టి, తమ దుకాణం పేరు మీద సీసాలల్ల పోసి అమ్ముడు వాళ్ల పద్ధతి. నూరేండ్లు దాటినా అదే పద్ధతి. అసొంటి కంపెనీ 2023ల ఒక మాట చెప్పింది. 2024 సంది బయటి బట్టీల సారా మా పీపాలల్ల నింపుడు బంద్, ఇగ మా సొంత బట్టీల సరుకే పండవెడ్తం అన్నది.

మన దిక్కు ఈ వార్త ఎవ్వలు పట్టించుకున్నట్టు లేదు. పట్టించుకోవాలె అని నేనంట. ఎందుకో చెప్త.

ముందుగాల ఒక మాట. బెల్టుషాపులు బంద్ చెయ్యాలె అని రాసే నువ్వు విస్కీ మీద రాస్తున్నవేందన్నా అని కొందరు తమ్ముళ్లు అడుగుతరు. అడుగుడు న్యాయమే. తాగుమని చెప్పుడు నా పని కాదు, ఏది మంచిగుంటదో చెప్పుడు అసలే కాదు. ఒక ఊరి నీళ్లు, ఒక ఊరి గింజలు, ఆ ఊరోళ్ల చేతుల పనితనం కలిసి ఒక సరుకు అయితది. ఆ సరుకు పేరు మీద హక్కు మాత్రం ఎక్కడో కూసున్న కంపెనీ చేతుల ఉంటది. బజారు పెరిగితె లాభం కంపెనీకి, బజారు పడితె తాళం ఊరికి. ఈ లెక్క విస్కీల ఉన్నంత సాఫుగ ఇంకెక్కడ కనవడదు. దేశంల ఉన్న స్కాచ్ సీసాలల్ల శానా భాగం ఆ లెక్కల నుంచే వస్తున్నయ్ కాబట్టి ఇది మనకు దూరపు ముచ్చట గూడ కాదు.

మాల్టు అంటె మొలకెత్తించిన బార్లీ. గింజలు నానవెట్టి, మొలక రాంగనే ఆరవెట్టి, మరవట్టి, వేడి నీళ్లల్ల దాని తీపి తీసి, ఈస్ట్ ఏసి పులియవెట్టి, రాగి బట్టీలల్ల రెండుసార్లు కాస్తరు. దిగిన సారా నీళ్ల లెక్క తెల్లగ ఉంటది. దాన్ని ఓక్ చెక్క పీపాల పోసి, స్కాట్లండ్ గడ్డ మీదనే కనీసం 3 ఏండ్లు ఉంచాలె. అప్పుడే దానికి స్కాచ్ అనే పేరు వస్తది. సీసాల 40 శాతం కంటె తక్కువ ఆల్కహాల్ ఉండొద్దు. 2009 నిబంధనలల్ల ఇదంత రాసి ఉన్నది. ఒకే బట్టిల, మాల్టు బార్లీతోనే చేస్తె దాన్ని సింగిల్ మాల్ట్ అంటరు.

ఈ సింగిల్ మాల్ట్‌కు ఇయ్యాల ఇంత గిరాకి ఉన్నది గని, నూరేండ్ల దాక దానికి సొంత బజారే లేకుండె. బట్టీలల్ల దిగిన సారా దాదాపు అంత పెద్ద కంపెనీల బ్లెండ్లల్లకే పోయేది. బ్లెండ్ అంటె పదుల బట్టీల మాల్టు, దాంతోని పాటు గోధుమలు, మక్కల నుంచి సస్తగ తీసిన గ్రెయిన్ విస్కీ కలిపిన కలగలుపు. సీసా మీద జానీ వాకర్ అని ఉంటది, బాలంటైన్స్ అని ఉంటది. ఏ ఊరి సారా లోపట ఉన్నదో సీసా చెప్పదు.

మన ఊర్లల్ల కల్లు ముచ్చట యాది చేసుకోండ్రి. పోతుతాడుదా పండుతాడుదా, పొద్దుగాలదా మాపటిదా, ఏ గౌడన్న గీసిండు అని అడిగి తాగుతరు. అదే పది ఊర్ల కల్లు ఒక్క డ్రమ్ముల పోసి ఒక్కటే పేరు పెడితె, అన్ని రోజులు ఒక్కటే రుచి వస్తది, యాపారానికి సులువు. గని మంచిగ గీసినోని పేరు ఆ డ్రమ్ముల మునిగిపోతది. బ్లెండ్ కల్తీ కాదు, అది గూడ ఒక పనితనమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడుడు సరికాదు. నేననేది పేరు గురించి.

కంపెనీలు తమలో తాము సారా మార్చుకునేటియి. నీ బట్టిది నాకు ఇన్ని పీపాలు, నా బట్టిది నీకు అన్ని. అట్ల మార్చుకోంగ మిగిలింది దళారుల చేతికొచ్చేది. ఆ దళారుల కాడ, లేకుంటె నేరుగ బట్టి కాడ పీపాలు కొని, ఆ బట్టి పేరు చెప్పి అమ్మేటోళ్లే ఇండిపెండెంట్ బాట్లర్లు. మన మాటల చెప్పాలంటె, బట్టి లేకుంటనే సీసాలు నింపేటోళ్లు. అబర్డీన్ల 1842ల మొదలైన కాడెన్‌హెడ్స్ గసొంటిదే. లండన్ల 1698 సంది దుకాణం నడుపుతున్న బెర్రీ బ్రదర్స్ గూడ గసొంటిదే.

గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్‌ల జార్జ్ అర్క్‌హార్ట్ అని ఒకాయన ఉండె. బ్లెండ్లే తప్ప మాల్టు ఎవ్వలు అడగని కాలంల, 1968ల, కానసర్స్ చాయిస్ అని ఒక వరుస తెచ్చిండు. ఒక్కొక్క బట్టి సారాను ఒక్కొక్క సీసాల విడిగ పోసి, బట్టి పేరు రాసి అమ్మిండు. ఆ పేర్లల్ల శానా మట్టుకు ఆ బట్టి ఓనర్లు గూడ ఎన్నడు సీసా మీద రాయలె. ఊరోళ్లకు తప్ప బయటోళ్లకు ఎరుక లేని పేర్లు దుకాణాల అల్మారల్లకొచ్చినయ్.

ఈ సీసాలల్ల ఇంకొక గుణం ఉన్నది. మంచి ఇండిపెండెంట్ సీసా మీద సారా దిగిన తారీఖు, సీసాల పోసిన తారీఖు, పీపా నంబరు, ఆ పీపా నుంచి ఎన్ని సీసాలు వచ్చినయ్ అని రాస్తరు. శానా మంది రంగు కలపరు. రంగు అంటె కాల్చిన చక్కెర రంగు, చట్టం దాన్ని ఒప్పుకుంటది, పెద్ద కంపెనీలు శానా వాడుతయ్, ప్రతి సీసా ఒక్క తీరుగ కనవడాలె కదా. ఒక పీపాకు రెండు వందలో మూడు వందలో సీసాలు వస్తయ్, అయిపోతె అయిపోయినట్టే, మళ్ల అదే రుచి రాదు. మన సీడ్ కంపెనీల సంచుల మీద ఇంత వివరం రాస్తె రైతు ఎన్నిసార్లు బతికిపోతుండెనో అనిపిస్తది నాకు.

ఇప్పుడు తాళాల ముచ్చట. 

విస్కీ యాపారంల ఒక శాపం ఉన్నది. ఇయ్యాల కాచిన సారా పన్నెండేండ్ల తర్వాత అమ్ముడువోతది. అంటె అప్పటి గిరాకి ఎంత ఉంటదో ఇప్పుడే అందాజ కట్టాలె. నిరుడు రేటు చూసి ఊరంత మిర్చి పెట్టినట్టు, 1960లు, 70ల మొదట్ల గిరాకి చూసి బట్టీలు ఇష్టమొచ్చినట్టు కాచిండ్రు. తర్వాత చమురు ధరలు పెరిగినయ్, మాంద్యం వచ్చింది, పడుసోళ్లు వోడ్కా దిక్కు మళ్లిండ్రు. గోదాంలల్ల పీపాలు పేరుకపోయినయ్. ఆ నిల్వకు వాళ్లు పెట్టుకున్న పేరు విస్కీ చెరువు. చెరువు నిండితె మనం సంబురపడ్తం, వాళ్ల కొంపలు మునిగినయ్.

అప్పట్ల అన్నిటికంటె పెద్ద కంపెనీ డిస్టిలర్స్ కంపెనీ లిమిటెడ్. ఇప్పటి డియాజియోకు అది తాత లెక్క. 1983ల ఒక్క దెబ్బకు పది దాక బట్టీలు మూసింది. ఐలా దీవిల పోర్ట్ ఎలెన్, ఉత్తరాన బ్రోరా, ఫోరెస్‌ల డల్లస్ ధూ, బెన్రోమాక్, ఇన్వర్నెస్‌ల గ్లెన్ మోర్, గ్లెన్ ఆల్బిన్. 1985ల ఇంకొన్ని. గ్లెన్ ఆల్బిన్ ఉన్న జాగల ఇప్పుడు షాపింగ్ కాంప్లెక్సు ఉన్నది. లిన్‌లిత్‌గోల సెయింట్ మాగ్డలీన్ బట్టి అపార్టుమెంట్లు అయింది. ఒక్కొక్క బట్టి చుట్టు బార్లీ ఏసే రైతులు, పీపాలు చేసే వడ్లోళ్లు, లారీలోళ్లు, హోటళ్లు. వాళ్లు చేసిన తప్పేందో ఎవ్వలు చెప్పలె. సారా బాగలేక మూసింది కాదు. ఆఫీసుల కాయితం మీద లెక్క తప్పింది, తప్పిన లెక్కను ఊర్లల్ల దిద్దిండ్రు.

మూతవడ్డ బట్టీల సారా మాత్రం పీపాలల్ల మిగిలే ఉన్నది. అవి ఓనర్ల గోదాంలల్లనే ఉంటె పాత లెక్కనే బ్లెండ్లల్ల కలిసిపోవు. గని ఇండిపెండెంట్ల చేతికి గూడ కొన్ని పీపాలు చేరి ఉన్నయ్. వాళ్లు ఆ పేర్లతోనే సీసాలు పోసిండ్రు. పోర్ట్ ఎలెన్, బ్రోరా, రోజ్‌బ్యాంక్ అనే పేర్లు బట్టి మూసిన తర్వాతనే లోకానికి ఎరుకైనయ్. గిరాకి చూసి తర్వాత ఓనరు కంపెనీ గూడ ఉన్న పీపాలు తీసి వేల పౌండ్లకు అమ్మింది. ఆఖరికి బ్రోరా 2021ల మళ్ల రాజుకున్నది. 1993ల మూసిన రోజ్‌బ్యాంక్‌ల 2023ల మళ్ల సారా దిగింది. పోర్ట్ ఎలెన్ 2024ల తెరిచిండ్రు, మూసి నలభయ్యేండ్లు దాటినంక. ఆ నలభయ్యేండ్లు పేరును బతికిచ్చిన దాంట్ల ఈ సీసాలు నింపేటోళ్ల వాటా పెద్దది.

బెన్రోమాక్ కథ ఇంకా సక్కగుంటది. 1983 లిస్టుల మూతవడ్డ ఆ బట్టిని 1993ల కొన్నది ఎవ్వలు? ఎల్గిన్ కిరాణ దుకాణపోళ్లే. 1998ల మళ్ల తెరిచిండ్రు. నేను మొదట్ల చెప్పిన వాళ్ల సొంత బట్టీలల్ల ఒకటి ఇది, రెండోది 2022ల కొత్తగ కట్టిన ది కెయిర్న్.

అయితె పేరును కాపాడినోళ్లకు పేరు వాడే హక్కు ఉన్నదా అంటె, అక్కడే లొల్లి. 1990లల్ల మర్రే మెక్‌డేవిడ్ అనే ఇండిపెండెంట్ కంపెనీ లాఫ్రోయిగ్ బట్టి పీపాలు కొని, ఆ పేరు రాసి అమ్మింది. సరుకు నికార్సయిన లాఫ్రోయిగే. గని ఓనరు కంపెనీ ఆ పేరు మాది అని కోర్టుకు పోయింది. ఆఖరికి సీసా మీద లీప్‌ఫ్రాగ్ అని రాసుకోవాల్సి వచ్చింది. పలికితె దగ్గరదగ్గర అదే సప్పుడు, అర్థం మాత్రం కప్పగంతు. స్కాచోళ్లకు గూడ మన లెక్కనే ఎటకారం బాగనే ఉన్నది.

ఇంకొక ఉపాయం చూడుండ్రి. పీపా బయటికి అమ్మేముందు దాంట్ల ఇంకొక బట్టి సారా ఒక్క చెంచెడు పోస్తరు. వాళ్ల భాషల దాని పేరే చెంచా పని. చెంచెడు పడితె చట్టం ప్రకారం అది సింగిల్ మాల్ట్ కాదు, బ్లెండెడ్ మాల్ట్. ఇగ కొన్నోడు ఆ బట్టి పేరు రాయరాదు. గ్లెన్‌ఫిడిక్‌ల చెంచెడు బాల్వెనీ పోస్తె దాని పేరు వార్డ్‌హెడ్, బాల్వెనీల చెంచెడు గ్లెన్‌ఫిడిక్ పోస్తె బర్న్‌సైడ్. రెండు బట్టీలు పక్కపక్కనే ఉంటయ్, ఓనరు ఒక్కడే. రుచికి అక్కెరలేని చెంచెడు అది, పేరు కోసం పోసే చెంచెడు. అందుకే ఇప్పుడు శానా ఇండిపెండెంట్ సీసాల మీద బట్టి పేరు ఉండదు. స్పేసైడ్‌ల ఒక బట్టి అనో, ఐలాల ఒక బట్టి అనో రాస్తరు. 1983ల, బట్టీలు మూసిన ఆ ఏడాదే, ఎడిన్‌బరల పుట్టిన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ అయితె మొదటి సంది బట్టి పేరు కాడ నంబరు ఏస్తది. ఏ నంబరు ఏ బట్టిదో తాగేటోళ్లకు ఎరుకే.

పేరు సంగతి సరే, నిజం చెప్పుడు సంగతి గూడ గంతే. కంపాస్ బాక్స్ అనే చిన్న కంపెనీ 2015ల తన బ్లెండ్ల ఏమేం కలిపిందో, ఏది ఎన్నేండ్లదో, ఎంతెంత పాలు ఉన్నదో మొత్తం బయటవెట్టింది. చట్టం ప్రకారం అది తప్పు అన్నరు. అన్నిటికంటె లేత విస్కీ వయసు ఒక్కటే చెప్పొచ్చు, మిగిలినయి చెప్పొద్దు. పాత విస్కీ చెంచెడు కలిపి గొప్పలు చెప్పుకునేటోళ్లను ఆపనీకి పెట్టిన రూలు అది, మంచిదే. గని పూర్తి లెక్క చెప్తనన్నోని నోరు గూడ అదే రూలుతోని మూసిండ్రు. వయసు అసలే రాయకుంట అమ్మేటోళ్లకు మాత్రం ఏ అడ్డం లేదు.

ఇండిపెండెంట్లు దేవుళ్లు అని నేనంటలేను. వాళ్లు గూడ యాపారులే. గా లీప్‌ఫ్రాగ్ కంపెనీ, మర్రే మెక్‌డేవిడ్, 2000 డిసెంబర్ల ఐలా దీవిల మూతవడి ఉన్న బ్రుక్‌లాడీ బట్టిని 65 లక్షల పౌండ్లకు కొన్నది. 2001ల పొయ్యి ముట్టిచ్చిండ్రు. దీవి పిలగాండ్లకు పని ఇచ్చిండ్రు, దీవి రైతులతోని బార్లీ ఏయిచ్చిండ్రు, సీసాలు నింపుడు గూడ దీవి మీదనే పెట్టిండ్రు. పాత యంత్రాలు మార్చకుంట చేతి పని ఉంచిండ్రు. చూసి అందరు మెచ్చుకున్నరు. 2012ల ఫ్రాన్స్‌కు చెందిన రెమీ క్వాంట్రో 5 కోట్ల 80 లక్షల పౌండ్లు ఇస్తనంటె అమ్మేసిండ్రు. బట్టి ఇప్పటికి మంచిగనే నడుస్తున్నది, పనులు పెరిగినయ్ గూడ. గని దాని మీద ఆఖరి మాట ఇప్పుడు దీవిల ఉన్నోళ్లది కాదు.

ఆఖరి మాట ఎక్కడున్నదో చెప్పేటందుకు ఇంకో రెండు ముచ్చట్లు.

కిల్‌మార్నాక్ అని ఒక ఊరు. 1820ల జానీ వాకర్ అక్కడి కిరాణ దుకాణంల పుట్టింది. ప్రపంచంల ఏ మూలకు పోయినా ఆ సీసా కనవడ్తది. 2009ల డియాజియో ఆ ఊర్ల సీసాల ఫ్యాక్టరీ మూస్తమని ప్రకటించింది. 700 కొలువులు. ఆ జులైల 20 వేల మంది రోడ్డెక్కిండ్రు, పిల్లలు ముసలోళ్లతోని సహా. అంత చిన్న ఊర్ల 20 వేలంటె చిన్న సంగతి కాదు. 2012ల ఫ్యాక్టరీ మూతవడ్డది. కంపెనీ నష్టాల లేకుండె.

రెండోది మనోని ముచ్చట. 2007ల విజయ్ మాల్యా యునైటెడ్ స్పిరిట్స్ తరుపున వైట్ అండ్ మెకే కంపెనీని 59 కోట్ల 50 లక్షల పౌండ్లకు కొన్నడు. దాంట్ల డాల్మోర్, జూరా, ఫెటర్‌కెయిర్న్ బట్టీలు ఉన్నయ్. 1995 సంది మూతవడి ఉన్న టామ్నవూలిన్ బట్టి గూడ అండ్లనే ఉండె, దాన్ని ఆ ఏడాదే మళ్ల తెరిచిండ్రు. బెంగళూరుల సంతకం పెడితె స్కాట్లండ్ లోయల పొగ లేసింది. తర్వాత కింగ్‌ఫిషర్ విమానాల అప్పులు, జీతాలు రాని ఉద్యోగులు, ఆ కథ మీకు ఎరుకే. యునైటెడ్ స్పిరిట్స్ డియాజియో చేతికి పోయింది. డియాజియోకు అప్పటికే శానా బట్టీలు ఉన్నయని బ్రిటన్ పోటీ చట్టమోళ్లు అడ్డం వడ్డరు. 2014ల వైట్ అండ్ మెకేను ఫిలిప్పీన్స్ కంపెనీ ఎంపెరడార్‌కు 43 కోట్ల పౌండ్లకు అమ్మిండ్రు. జూరా దీవిల ఉండేది రెండు వందల చిల్లర మంది, బట్టి ఒక్కటి. ఏడేండ్లల్ల వాళ్ల యజమాని బెంగళూరు నుంచి మనీలాకు మారిండు. వాళ్లను అడిగినోళ్లు ఎవ్వలు?

ఇప్పుడు మళ్ల మబ్బులు కమ్ముకుంటున్నయ్. గత ఇరవై ఏండ్లు మాల్టుకు గిరాకి పెరుగుతనే పోయింది, కొత్త బట్టీలు పుట్టగొడుగుల లెక్క లేసినయ్, ఇప్పుడు 150 దాటినయ్. గోదాంలల్ల దాదాపు 2 కోట్ల 20 లక్షల పీపాలు పండుతున్నయ్. ఇటు 2024ల స్కాచ్ ఎగుమతుల విలువ 5.4 బిలియన్ పౌండ్లకు దిగింది, ముందటేడాది కంటె 3.7 శాతం తక్కువ. సీసాల లెక్క మాత్రం పెరిగింది. అంటె సస్తది ఎక్కువ పోతున్నది, ఖరీదుది ఆగింది. 2025 ఏప్రిల్ల అమెరికా 10 శాతం పన్ను ఏసింది. కొన్ని బట్టీలు కాచుడు తగ్గిచ్చినయ్, కొన్ని ఆపినయ్. 1983 తీరు మళ్ల వస్తదా అని అక్కడ చర్చ నడుస్తున్నది. అంత ఘోరం కాదని కొందరంటరు, ఎందుకంటె అప్పట్ల మాల్టుకు సొంత బజారు లేదు, ఇప్పుడున్నది. నిజమే. గని అప్పట్ల మిగులు పీపాలు కొనెతందుకు దళారి, ఇండిపెండెంట్, చిన్న దుకాణం ఉండె. ఇప్పుడు ఆ తొవ్వ ఇరుకైంది.

ఇరుకు చేసింది కంపెనీలే కాదు. పదేండ్ల సంది పీపా కొను, భూమి లెక్క రేటు పెరుగుతది అని ఆన్‌లైన్ల ప్రకటనలు. ఈ ప్రచారాలతోని పీపాల ధరలు లేసినయ్, నిజంగ సీసాలు పోసి అమ్మే చిన్నోళ్లకు అందకుంటయినయ్. ఒక్క పీపాను పదిమందికి అమ్మినోళ్లు, లేని పీపాను అమ్మినోళ్లు బయటవడ్డరు. 2025ల బీబీసీ దీని మీద పెద్ద కథనం చేసింది, లండన్ సిటీ పోలీసులు విచారణ చేస్తున్నరు. మన దిక్కు ఓపెన్ ప్లాట్ల పేరు మీద ఒక్క జాగను నలుగురికి రిజిస్ట్రీ చేసినోళ్లు వీళ్లకు చుట్టాలే. తమ్ముళ్లూ, ఫోన్ల గసొంటి లింకు వస్తె జర పైలం.

దీంతోని పాత ఇండిపెండెంట్లు ఏం చేస్తున్నరంటె, తామే బట్టీలు పెట్టుకుంటున్నరు. సిగ్నేటరీ 2002లనే ఎడ్రడవర్ బట్టిని కొన్నది. అడెల్ఫీ 2014ల ఆర్డ్నమర్కన్ కట్టింది. హంటర్ లెయింగ్ ఐలాల ఆర్డ్నహో కట్టింది. రోజ్‌బ్యాంక్‌ను బతికిచ్చిన ఇయాన్ మెక్లౌడ్ గూడ ఈ కోవలోళ్లే. ఇంకొకరి మీద ఆధారపడితె రేపు పీపా దొరకదని భయం. ఎల్గిన్ దుకాణం తీసుకున్న నిర్ణయం వెనకాల గూడ ఈ గాలే ఉన్నదని నా అందాజ. కొత్త బట్టీలు వస్తె మంచిదే, పనులు దొరుకుతయ్. గని ఒక సంగతి చేజారుతది. ప్రతొక్కడు తన బట్టి సరుకే తన పేరు మీద అమ్ముకుంటె, వేరేటోని బట్టికి సాక్ష్యం చెప్పేటోడు ఉండడు. రేపు ఒక పెద్ద కంపెనీ ఒక ఊరి బట్టిని మూస్తె, ఆ ఊరి పేరుతోని బయట ఒక్క పీపా గూడ ఉండదు. బ్రోరాకు దక్కిన మళ్లపుట్టుక దానికి దక్కుడు కష్టం.

వేరే తొవ్వ లేదా అంటె, క్యాంప్‌బెల్‌టౌన్ దిక్కు చూడాలె. పశ్చిమాన సముద్రం ఒడ్డున ఊరు. పంతొమ్మిదో శతాబ్దంల అక్కడ ముప్పై దాక బట్టీలు ఉండె. 1930ల నాటికి రెండే మిగిలినయ్. అండ్ల ఒకటి స్ప్రింగ్‌బ్యాంక్, మిచెల్ కుటుంబపోళ్లది. బార్లీని నేల మీద పరిచి, పారలతోని తిరగేసి మొలకెత్తిచ్చుడు కాన్నుంచి సీసా మూత పెట్టుడు దాక అన్ని పనులు అదే జాగల చేస్తరు. పెద్ద కంపెనీ బట్టీలల్ల ఒక షిఫ్టును ఒకరిద్దరు కంప్యూటర్ ముందట కూసొని నడుపుతరు. ఇక్కడ ఊరోళ్ల చేతులకు పని ఉన్నది, కావాలనే అట్ల ఉంచిండ్రు. 1972ల కాడెన్‌హెడ్స్‌ను కొన్నది గూడ వీళ్లే, అంటె సొంత బట్టితోని పాటు వేరేటోళ్ల పీపాలకు గూడ జాగ ఇచ్చిండ్రు. 2004ల పాత గ్లెన్‌గైల్ బట్టిని మళ్ల తెరిచిండ్రు, దగ్గరదగ్గర ఎనభై ఏండ్ల తర్వాత. అయితె గ్లెన్‌గైల్ అనే పేరు సీసా మీద రాద్దమంటె అది వేరే కంపెనీ చేతుల ఉన్నది. అందుకే ఆ విస్కీ పేరు కిల్‌కెరన్. బట్టి వాళ్లది, గోడ మీద పేరు వాళ్లది, సీసా మీద మాత్రం ఆ పేరు రాయరాదు.

ఇగ మన దిక్కు. 2024ల సీసాల లెక్కల స్కాచ్ ఎక్కువ కొన్న దేశం మనదే, 19 కోట్ల 20 లక్షల సీసాలకు సమానం. 2025 జులై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందం ప్రకారం 150 శాతం ఉన్న దిగుమతి పన్ను, అమలు మొదలైన నాడు 75కు, పదేండ్లల్ల 40కి దిగుతది. అక్కడి చెరువు నిండుతున్నది, ఇక్కడ తూము తెరుస్తున్నరు. రెండింటిని కలిపి చూడాలె.

ఆ తూముల నుంచి వచ్చేది ఏంది? 2012 నవంబర్ సంది సింగిల్ మాల్ట్‌ను స్కాట్లండ్‌లనే సీసాల పోయ్యాలె, బల్కుగ బయటికి పంపరాదు. బ్లెండ్లకు ఆ రూలు లేదు. మనకు వచ్చే స్కాచ్ల శానా భాగం ట్యాంకులల్ల బల్కుగ వస్తది. కొంత ఇక్కడ సీసాల పోసి స్కాచ్ అని అమ్ముతరు, కొంత మన దేశపు మందుల కలుపుతరు. మన దగ్గర విస్కీ అని అమ్మే దాంట్ల ఎక్కువ మట్టుకు చెరుకు మొలాసిస్ నుంచో, గింజల నుంచో తీసిన స్పిరిట్ ఉంటది. మొలాసిస్‌తోని చేసినదాన్ని యూరప్‌ల విస్కీ అని అమ్మనియ్యరు. దాంట్ల కొంచెం స్కాచ్ మాల్టు కలిపి, లేబుల్ మీద గొప్పగ చెప్తరు. ఎంత కలిపిండ్రు, ఏ బట్టిది, ఎన్నేండ్లది అని సీసా మీద ఎతుకుండ్రి, దొరకదు. ఐలాలనో స్పేసైడ్‌లనో ఒకడు పీపా మీద సుద్దతోని నంబరు రాసిన సారా, మన మండల కేంద్రంల క్వార్టర్ సీసాల పేరు లేకుంట తేల్తది.

మంచి మాల్టు మన దేశంల గూడ తయారైతున్నది. బెంగళూరు అమృత్ 2004ల తన సింగిల్ మాల్ట్‌ను ముందుగాల గ్లాస్గోల అమ్మకానికి పెట్టింది. మనోళ్లు ఇక్కడ గుర్తించరని అక్కడ పెట్టిండ్రు, అక్కడ మెచ్చినంకనే ఇక్కడ అడిగిండ్రు. గోవల పాల్ జాన్, హర్యానల ఇంద్రి తర్వాత వచ్చినయ్. మన వేడికి పీపాల నుంచి ఏటా పదో వంతు దాక ఆవిరైపోతది, స్కాట్లండ్‌ల రెండు శాతం. అందుకే ఇక్కడ నాలుగైదేండ్లకే పండుతది. అయితె ఇండిపెండెంట్‌గ పీపా కొని, పేరు రాసి, రెండు మూడు వందల సీసాలు అమ్మే పద్ధతి మన దగ్గర పాదుకోలె. పాదుకునెతందుకు చట్టం గూడ ఇడువది. తెలంగాణల టోకు అమ్మకమంత సర్కారు కార్పొరేషన్ చేతుల ఉన్నది, దాని కాడ ప్రతి బ్రాండుకు అనుమతి కావాలె, ధర ఖరారు కావాలె, ఫీజులు కట్టాలె. 250 సీసాల కోసం ఎవ్వడు కడతడు? రాష్ట్రంల 2,620 వైన్ షాపుల లాటరీకి ఒక్కొక్క దరఖాస్తు మీద 3 లక్షలు, వాపసు లేకుంట, వసూలు చేసే సర్కారుకు సీసాల ఏమున్నది అనే పట్టింపు ఎందుకుంటది?

ఒప్పందంల పన్ను శాతాల మీద మూడేండ్లు బేరమాడిండ్రు. మన దేశంల కలిపి అమ్మే సీసా మీద ఏ బట్టి సారా, ఎంత పాలు, ఎన్నేండ్లది అని రాయాలె అనే షరతు గురించి ఎవ్వలు మాట్లాడినట్టు నాకు కనవడలె. గట్ల రాయించుడు ఖర్చులేని పని. ఒక లైను అచ్చు. ఆ ఒక్క లైను ఉంటె ఇక్కడ కొనేటోనికి తన చేతుల ఉన్నదేందో ఎరుకైతది. అక్కడి ఊర్ల పనిచేసేటోనికి, తన బట్టి మూస్తమని కంపెనీ చెప్పిన నాడు, మా సారా ఎంత దూరం పోతున్నదో చూడుండ్రి అని చూపెట్టనీకి ఒక కాయితం ఉంటది. ఎల్గిన్ దుకాణపు గోదాంల పాత పీపాలు ఇంకా కొన్ని పదుల ఏండ్లకు సరిపోను ఉన్నయంట. ఇది సదివే ఇరవై ఏండ్ల పిలగాడు ముసలోడయ్యేనాటికి గూడ, బయటి బట్టి పేరు రాసిన సీసాలు ఆడికెళ్లి ఒక్కటొక్కటిగ వస్తనే ఉంటయ్.